వినకముందే జత కుదర్చడం

పులికాట్ సరస్సు ఒడ్డున, సూళ్లూరుపేటలోనో తడలోనో దొరవారిసత్రంలోనో ఉంటూ ఇంట్లో మంచి హైఫై సెట్ పెట్టుకోవాలనుకునేవాళ్లకు డబ్బు కంటే ముందే ఒక చిక్కు ఎదురవుతుంది. స్పీకర్లు ఒక కంపెనీవి, ఆంప్లిఫైయర్ ఇంకో కంపెనీది, ఫోన్‌లోని పాటను ఆంప్‌కు అందించే డాక్ మూడో కంపెనీది. ఈ మూడూ కలిస్తే ఎలా మోగుతాయో విని చూసే చోటు దగ్గర్లో లేదు. లోకల్ రైలెక్కి చెన్నై వెళ్లి రిచీ స్ట్రీట్ అంతా తిరిగినా, నచ్చిన స్పీకర్ ఒక కొట్లో ఉంటే నచ్చిన ఆంప్ ఇంకో కొట్లో ఉంటుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వినడమన్న మాటే లేదు.

ఇక్కడ చాలామంది రెండు దారుల్లో ఒకటి పడతారు. అన్నీ ఒకే పెట్టెలో వచ్చే హోమ్ థియేటర్ కొనేసి సరిపెట్టుకోవడం మొదటిది. ఎవరో బాగుందన్న వస్తువునల్లా విడివిడిగా తెప్పించి, కలిపాక చూద్దాంలే అనుకోవడం రెండోది. మొదటి దారిలో కోరిక చంపుకోవాలి. రెండో దారిలో అదృష్టాన్ని నమ్ముకోవాలి. మూడో దారి కూడా ఉంది. దానికి కావలసింది ఒక కాగితం, ఒక పెన్ను, కొంచెం ఓపిక.

ఆ దారి సూత్రం ఇది: వస్తువుల్ని విడిగా ఎంచకండి, రెండు వస్తువులు కలిసే అతుకును ఎంచండి. ప్రతి అతుకు దగ్గరా రెండు అంకెలు ఎదురెదురుగా ఉంటాయి. అవి పొసగితే ఆ జత ఆడుతుంది. అంకెలు తేల్చలేని రుచి ఒకటి మిగులుతుంది నిజమే. కానీ అది ఎక్కడ మిగులుతుందో ముందే తెలిస్తే, జాగ్రత్తంతా అక్కడే పెట్టవచ్చు.

శ్రీహరికోట చెప్పే పాఠం

విడిగా తయారైనవాటిని కలిపి నడిపించడం ఎలాగో పులికాట్ చుట్టుపక్కలవాళ్లకు కళ్లెదుటే కనిపిస్తుంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట నుంచి పైకెగిరే పీఎస్ఎల్‌వీ రాకెట్‌కు నాలుగు దశలు. ఒకటి, మూడు ఘన ఇంధనంతోనూ, రెండు, నాలుగు ద్రవ ఇంధనంతోనూ మండుతాయి. ద్రవ ఇంజన్లను తమిళనాడులోని మహేంద్రగిరిలో నేలమీద మండించి పరీక్షిస్తారు. ఉపగ్రహం తరచూ బెంగళూరు నుంచి వస్తుంది. ఒక్కో దశనూ విడిగా ఎంత పరీక్షించినా, నాలుగూ వరసగా కలిసి పనిచేసేది మాత్రం మొదటిసారి ఆకాశంలోనే.

1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్ఎల్‌వీ విఫలమైంది. ప్రధాన ఇంజన్లు మండాల్సినట్టే మండాయి. రెండో దశ విడిపోయే వేళ రాకెట్ ఊగింది, ఆ ఊగును సరిదిద్దాల్సిన సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లింది. పొరపాటు జరిగింది ఒక దశ నుంచి ఇంకో దశకు మారే చోట. ఆ తప్పును పట్టుకుని సరిచేసి, 1994 అక్టోబరు 15న రెండో ప్రయోగాన్ని గెలిపించారు.

మన పాటల సెట్టుకు అంత ప్రమాదం లేదు. కానీ నేర్చుకోవలసింది అదే. మంచి స్పీకర్, మంచి ఆంప్ అన్నంత మాత్రాన మంచి సెట్ కాదు. ఆ రెండూ కలిసేచోట ఏం జరుగుతుందో కాగితం మీద ముందే చూసుకోవాలి.

విన్నంతనే తెలిసిపోతుందా?

వినకుండా కొనడం గుడ్డి పని అన్న దిగులు ముందు పోవాలి. కొట్లో వినడం మనం అనుకున్నంత గట్టి సాక్ష్యం కాదు. ఆ గది వేరు, మన గది వేరు. అక్కడ ఒక జత కాస్త గట్టిగా మోగితే అదే మంచిదనిపిస్తుంది. ఒకే ఒక్క డెసిబెల్ తేడా కూడా చెవిని అటు లాగేస్తుంది, గట్టిగా మోగుతోందన్న స్పృహ మాత్రం మనకు కలగదు. పైగా కంటికి కనిపించే పేరూ ధరా చెవి మీద పనిచేస్తాయి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ధ్వని పరిశోధకులు ఒకే స్పీకర్లను తెర వెనక ఒకసారి, కళ్లెదుట ఒకసారి వినిపించి మార్కులు వేయించారు. చూస్తూ విన్నప్పుడు మార్కులు మారిపోయాయి.

రెండో వైపు ఇంకా ధైర్యమిచ్చేది. 2004లో ఆలివ్ 70 స్పీకర్ల కొలతలు తీసుకుని, ఆ కొలతలను బట్టే శ్రోతలు ఏ స్పీకర్‌కు ఎంత మార్కు వేస్తారో లెక్కకట్టే పద్ధతి తయారుచేశాడు. ఆ లెక్కకూ, తెర వెనక విని వేసిన మార్కులకూ మధ్య సహసంబంధం 0.86 వచ్చింది. పూర్తిగా సరిపోతే 1. అంటే సరైన కొలతలు చదవగలిగినవాడు వినకుండానే చాలా దూరం రాగలడు. మిగిలిన కాస్త దూరానికి ఏం చేయాలో చివర్లో చెబుతాను.

మొదటి మెట్టు: మారనిదాన్ని ముందు రాసుకోండి

ఏ నిర్ణయమైనా మార్చలేనిదాని దగ్గర మొదలుపెట్టాలి. ఇక్కడ అది గది. స్పీకర్ మార్చవచ్చు, ఆంప్ మార్చవచ్చు, గోడలు మార్చలేం.

టేపు పట్టుకుని గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలవండి. 572ను ఒక్కో కొలతతో భాగించండి. మన వేడికి, అంటే 30 డిగ్రీల దగ్గర, గాలిలో ధ్వని వేగం నుంచి వచ్చిన అంకె అది. 12 అడుగుల గదిలో 48 హెర్ట్‌జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకు 57 దగ్గర బేస్ ఉబ్బుతుంది. వెడల్పు 10, ఎత్తు కూడా 10 అయితే రెండు ఉబ్బులూ 57 దగ్గరే ఒకదానిమీద ఒకటి పడతాయి. అలాంటి గదికి పెద్ద వూఫర్ ఉన్న నిలువు స్పీకర్లు తెస్తే, ఏ ఆంప్ పెట్టినా ఒకే స్వరం గుమ్ గుమ్‌మంటుంది. తప్పు ఆంప్‌ది కాదు.

తర్వాత గది మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. టింగుమని సాగితే గోడలూ టైల్సూ ట్రెబుల్‌ను అటూ ఇటూ విసురుతున్నాయని అర్థం. మన కొత్త కాంక్రీటు ఇళ్లలో ఇది దాదాపు ప్రతి హాల్లోనూ ఉంది. మందపాటి తెరలు, పరుపు, పుస్తకాల అల్మారా, నేలమీద జంపఖానా చాలావరకు సర్దుతాయి. వీటికయ్యే ఖర్చు ఇచ్చే ఫలితం, అదే డబ్బుతో ఖరీదైన ఆంప్ కొంటే రాదు.

స్పీకర్లు ఎక్కడ నిలుస్తాయో కూడా ఇప్పుడే తేల్చండి. గోడకు ఆనించక తప్పదంటే, వెనక గాలి రంధ్రం ఉన్నవి కాకుండా ముందు రంధ్రం ఉన్నవో, అసలు రంధ్రం లేనివో చూడండి. మూలకు నెట్టక తప్పదంటే చిన్న స్పీకర్లే మేలు. మూల బేస్‌ను దానంతటదే పెంచుతుంది.

రెండో మెట్టు: ఏం వింటారో రాసుకోండి

మీరు నిజంగా వినే పాటల్లో ఒక ఇరవై రాయండి. వినాలనుకునేవి కాదు, వినేవి.

ఘంటసాల, సుశీల పాత పాటలే ఎక్కువైతే అవి మోనో రికార్డింగులు. వాటి ప్రాణం గొంతులో ఉంటుంది, అడుగు బేస్‌లో కాదు. మధ్యస్థాయి నిజాయితీగా పలికే చిన్న స్పీకర్ చాలు. నాదస్వరం, డోలు, కచేరీ రికార్డింగులైతే ఉన్నట్టుండి ఎగిసే శబ్దాన్ని తట్టుకునే వాట్లు కావాలి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడకను పట్టుకోవాలంటే దాని అడుగు తీగ 41 హెర్ట్‌జ్ దాకా దిగుతుందని గుర్తుంచుకోండి. 60 దగ్గర ఆగిపోయే స్పీకర్‌లో ఆ స్వరం దాని అనుస్వరాల (హార్మోనిక్స్) వల్ల తెలుస్తుంది కానీ నిండుగా రాదు. సినిమాలు కూడా చూస్తారంటే సబ్‌వూఫర్‌కు తర్వాత చోటుండేలా సబ్ అవుట్ ఉన్న ఆంప్ చూసుకోండి.

ఈ జాబితా రాయకుండా కొనడానికి వెళ్తే, అమ్మేవాడు వినిపించే పాటకు స్పీకర్ ఎంచుకుని వస్తారు.

మూడో మెట్టు: స్పీకర్‌కు సగం డబ్బు, సగానికి పైగా ఆలోచన

ఒక సెట్ ధ్వనిలో ఎక్కువ తేడా తెచ్చేది స్పీకర్, అది నిలిచే గది. సరిగా తయారైన రెండు ఆంపుల మధ్య తేడా కంటే రెండు స్పీకర్ల మధ్య తేడా చాలా పెద్దది. అందుకే నా సలహా: మొత్తం డబ్బులో కనీసం సగం స్పీకర్లకు కేటాయించండి, అవి తేలాకే ఆంప్ వైపు చూడండి. ఆంప్ ముందు కొని దానికి స్పీకర్ వెతకడం తలకిందుల పని.

స్పెక్ షీట్‌లో మొదట చూడాల్సింది ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్. ‘40 హెర్ట్‌జ్ నుంచి 20 కిలోహెర్ట్‌జ్’ అని ఊరికే రాస్తే దానికి విలువ లేదు. పక్కన ‘±3 డెసిబెల్’ అని ఉంటేనే అది మాట. 40 దగ్గర 10 డెసిబెల్లు పడిపోయినా 40 అని అచ్చు వేయవచ్చు కదా.

అంతకంటే మంచిది, స్వతంత్రంగా కొలిచినవాళ్ల గ్రాఫు. సీటీఏ-2034 అనే ప్రమాణం ప్రకారం కొలిచిన గ్రాఫులో స్పీకర్ ఎదురుగా వచ్చే ధ్వని, పక్కలకు వెళ్లే ధ్వని వేర్వేరు గీతలుగా కనిపిస్తాయి. ఎదురు గీత దాదాపు సమంగా ఉండాలి. పక్క గీతలు కుడివైపుకు మెల్లగా, గతుకులు లేకుండా దిగాలి. ఎదుట బాగుండి పక్కకు ముక్కలైన స్పీకర్, నునుపు గోడల గదిలో చెవులను అలసటకు గురిచేస్తుంది. సమీక్షకుడి విశేషణాలు పది పేజీలు చదవడం కంటే ఈ గ్రాఫును పది నిమిషాలు చూడటం మేలు.

నాలుగో మెట్టు: స్పీకర్, ఆంప్ కలిసే అతుకు

ఇక్కడ మూడు లెక్కలు ఉన్నాయి.

మొదటిది బలం. స్పీకర్ సెన్సిటివిటీ అంటే ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్లు మోగుతుందో. వాట్లు రెట్టింపైతే 3 డెసిబెల్లు పెరుగుతాయి, పది రెట్లైతే 10. 86 డెసిబెల్ల స్పీకర్లు తీసుకుని ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్నారనుకుందాం. దూరం వల్ల తగ్గేది, రెండో స్పీకర్ వల్లా గోడల వల్లా పెరిగేది కలిపితే ఒక వాట్‌కు సుమారు 83 డెసిబెల్లు చేతికొస్తాయి. ఇంట్లో కాస్త గట్టిగా వినేటప్పుడు తబలా దెబ్బ లాంటి ఎగిసే శబ్దాలు 95 నుంచి 98 దాకా పోతాయి. 83 నుంచి 98కి 15 డెసిబెల్లు, అంటే ఐదు సార్లు రెట్టింపు: 2, 4, 8, 16, 32 వాట్లు. కాబట్టి 40, 50 నిజమైన వాట్ల ఆంప్ హాయిగా సరిపోతుంది. అదే స్పీకర్ 83 డెసిబెల్లదైతే రెట్టింపు ఆంప్ కావాలి, 89దైతే సగం చాలు.

ఇక్కడ ఒక కిటుకు. కొందరు సెన్సిటివిటీని ఒక వాట్‌కు కాకుండా 2.83 వోల్టులకు చెబుతారు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది ఒక వాటే. 4 ఓమ్‌ల స్పీకర్‌కు మాత్రం అది రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్‌కు అలా రాసి ఉంటే 3 తగ్గించి పోల్చండి.

ఆంప్ వాట్లు నిజమా కాదా అన్నది కూడా కాగితం మీదే తేలుతుంది. పీఎంపీఓ అని రాసిన అంకెను చూడనే వద్దు. ఎంత డిస్టార్షన్ దగ్గర కొలిచారో అడగండి. 10 శాతం దగ్గర 100 వాట్లన్నది వినదగ్గ వంద కాదు. అడాప్టర్‌తో నడిచే చిన్న ఆంపులకు ఇంకో సులువైన పరీక్ష ఉంది. అడాప్టర్ వోల్టును అదే అంకెతో గుణించి, స్పీకర్ ఓమ్‌లకు రెట్టింపుతో భాగించండి. 24 వోల్టులకు 576 వస్తుంది, 8 ఓమ్‌లైతే 16తో భాగిస్తే 36. లోపల వోల్టేజీ పెంచే సర్క్యూట్ లేకపోతే, ఆ ఆంప్ మీ స్పీకర్‌కు శబ్దం చీలకుండా ఇవ్వగలిగింది అంతకు మించదు, పెట్టెమీద ఎంత రాసినా.

రెండోది ఇంపెడెన్స్. 8 ఓమ్స్ అని రాసినా అది స్వరాన్ని బట్టి పైకీ కిందికీ ఊగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రాసిన అంకెలో 80 శాతం కంటే కిందికి దిగకూడదు, అంటే 8 ఓమ్‌లకు 6.4. అందరూ దీన్ని పాటించరు. అందుకే కనిష్ఠ ఇంపెడెన్స్ ఎంతని విడిగా చూడండి. అది 4కి దగ్గరగా దిగితే, 4 ఓమ్‌లకు కూడా వాట్లు ప్రకటించిన ఆంప్ మాత్రమే తీసుకోండి. 8 ఓమ్‌ల వాట్లు మాత్రమే రాసి 4 గురించి మౌనంగా ఉంటే దాన్ని కాదన్నట్టే తీసుకోండి. బరువు మోయలేని ఆంప్ మే నెల ఎండల్లో వేడెక్కి ఆగిపోతుంది.

మూడోది ఆంప్ సొంత అవుట్‌పుట్ ఇంపెడెన్స్. మామూలు ట్రాన్సిస్టర్ ఆంపుల్లో ఇది చాలా తక్కువ, పట్టించుకోనక్కర్లేదు. వాల్వు ఆంపుల్లో మాత్రం ఇది స్వభావాన్నే మారుస్తుంది. ఆంప్‌కు 2 ఓమ్‌లు ఉండి, స్పీకర్ ఒకచోట 4కి దిగి ఇంకోచోట 30కి ఎగిస్తే, ఆ రెండు చోట్ల శబ్దంలో దాదాపు 3 డెసిబెల్ల తేడా వస్తుంది. అంటే స్పీకర్ గ్రాఫు మీరు చూసినట్టు ఉండదు. వాల్వు ధ్వని ఇష్టమైతే ఇంపెడెన్స్ ఎక్కువ ఊగని, సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్ వెతకండి. అలాంటిది దొరక్కపోతే విననిదే వాల్వు జోలికి వెళ్లవద్దు. వినకుండా కొనేవాళ్లకు ట్రాన్సిస్టర్ ఆంపే క్షేమం.

ఐదో మెట్టు: ఆంప్, సోర్స్ కలిసే అతుకు

ఇక్కడ రెండు లెక్కలే. మొదటిది, సోర్స్ (పాటను ఆంప్‌కు అందించేది) ఇచ్చే వోల్టు ఆంప్ అడిగే వోల్టుకు పొసగుతుందా అన్నది. సీడీ ప్లేయర్, డాక్ సాధారణంగా 2 వోల్టులు ఇస్తాయి. ఆంప్ ఇన్‌పుట్ సెన్సిటివిటీ 0.3 వోల్టులైతే వాల్యూమ్ నాబ్‌ను కొంచెం తిప్పగానే ఇల్లంతా మోగుతుంది. ఆ అడుగు భాగంలో చాలా నాబులకు కుడి ఎడమలు సమంగా ఉండవు. డాక్‌లోనే వాల్యూమ్ తగ్గించే వీలుంటే తీరిపోతుంది. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వోల్టు కూడా రాకపోవచ్చు. దాన్ని 1.5 వోల్టులు అడిగే పవర్ ఆంప్‌కు తగిలిస్తే నాబ్ చివరిదాకా తిప్పినా నీరసంగానే ఉంటుంది, ఆంప్ బలహీనమనుకుని మార్చేస్తారు.

రెండో లెక్క, ఆంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ సోర్స్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌కు కనీసం పది రెట్లు ఉండాలి. ఈరోజుల్లో దాదాపు అన్నీ ఉంటాయి. ఒకసారి చూసి టిక్కు పెట్టి ముందుకు పోండి. ఈ రెండూ కుదిరితే, సరిగా తయారైన డాక్ ఏదైనా ఒకటే. ఇక్కడ మిగిల్చిన డబ్బు స్పీకర్‌కు చేర్చండి.

తాతల నాటి ఎల్పీలు ఉండి టర్న్‌టేబుల్ కొనేవాళ్లకు ఇంకో అతుకు ఉంది. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు, దానికి 47 కిలో ఓమ్‌ల ఫోనో ఇన్‌పుట్ కావాలి. మూవింగ్ కాయిల్ అయితే తరచూ అర మిల్లీవోల్టు కూడా ఉండదు, దాని ఫోనో స్టేజి వేరే. కార్ట్రిడ్జ్‌కూ టోన్ ఆర్మ్‌కూ పొందిక చూడటానికి చక్కని లెక్క ఉంది. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు గ్రాముల్లో కూడండి. దాన్ని కార్ట్రిడ్జ్ కంప్లయన్స్‌తో గుణించి వర్గమూలం తీసి, 159ని దానితో భాగించండి. 10, 6, 1 కలిపితే 17, కంప్లయన్స్ 14 అయితే 238, దాని వర్గమూలం 15.4, జవాబు సుమారు 10.3 హెర్ట్‌జ్. 8 నుంచి 12 మధ్య వస్తే జత కుదిరినట్టే. అంతకు తగ్గితే వంకర రికార్డుల మీద ఆర్మ్ ఊగుతుంది, మించితే బేస్ చెడుతుంది. జపాన్ కంపెనీల్లో కొన్ని కంప్లయన్స్‌ను 100 హెర్ట్‌జ్ దగ్గర చెబుతాయి. లెక్క వేసే ముందు దాన్ని ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేయండి.

ఆరో మెట్టు: తీగలు, కరెంటు, ఉప్పుగాలి

తీగ గురించి పెద్ద మాటలు చాలా వినిపిస్తాయి. లెక్క చిన్నది. పోనూ రానూ తీగ రెసిస్టెన్స్ స్పీకర్ ఇంపెడెన్స్‌లో 5 శాతం దాటకూడదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్ల దూరానికి పోనూ రానూ 0.07 ఓమ్‌లే. 8 ఓమ్‌లకు 0.4 దాకా, 4 ఓమ్‌లకు 0.2 దాకా ఒప్పుకోవచ్చు. ఆ మందం మంచి రాగి తీగ ఎలక్ట్రికల్ కొట్లో దొరికేదే చాలు.

పులికాట్ దగ్గర తీగ కంటే తీగ కొస పెద్ద సంగతి. ఉప్పుగాలికి రాగి కొసలకు చిలుము పడుతుంది. అతుకు దగ్గర చిలుము పడితే ఒక వైపు స్పీకర్ అప్పుడప్పుడు మూగపోతుంది, మనం ఆంప్‌ను అనుమానిస్తాం. కొసలకు పూత ఉన్న బనానా ప్లగ్గులు గట్టిగా బిగించండి. ఏడాదికోసారి విప్పి తుడిచి, నల్లబడిన కొస కత్తిరించి మళ్లీ బిగించండి. వూఫర్ చుట్టూ అంచు ఫోమ్‌ది కాకుండా రబ్బరుది ఉన్న స్పీకర్ ఎంచుకోండి. తేమా వేడీ కలిసే చోట ఫోమ్ కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. పాత స్పీకర్లు కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ అంచునే.

వోల్టేజీ ఊగే వీధిలో స్టెబిలైజర్ అవసరం. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే చాలా ఆంపుల్లో బుర్రుమనే శబ్దం వస్తుంది, సైన్ వేవ్ ఇన్వర్టర్ మేలు. మూడు పిన్నుల ప్లగ్‌కు నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ఉరుముల వేళ ప్లగ్గులు పీకేయడం అలవాటు చేసుకోండి.

ఏడో మెట్టు: డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

అమ్మేవాళ్లను మర్యాదగా, రాతపూర్వకంగా ఈ ప్రశ్నలు అడగండి.

స్పీకర్ కనిష్ఠ ఇంపెడెన్స్ ఎంత? సెన్సిటివిటీ ఒక వాట్‌కా, 2.83 వోల్టులకా? ఆంప్ వాట్లు రెండు చానెళ్లూ మోగుతుండగా, ఎంత డిస్టార్షన్ దగ్గర? 8కీ, 4కీ విడివిడిగా ఎంత? నచ్చకపోతే ఎన్ని రోజుల్లో తిరిగి తీసుకుంటారు? రవాణా ఖర్చు ఎవరిది? సర్వీస్ చెన్నైలోనా, తిరుపతిలోనా? వూఫర్, ట్వీటర్ విడిగా దొరుకుతాయా?

వీటిలో తిరిగి ఇచ్చే హక్కు అన్నింటికంటే విలువైనది. అంకెలు తేల్చలేని రుచికి సమాధానం అదే. మీ గదిలో, మీ పాటలతో, మీ చెవులతో కొన్ని రోజులు వినగలగడం ఏ షోరూమూ ఇవ్వలేని పరీక్ష. స్పీకర్ విషయంలో దానికోసం కాస్త ఎక్కువ ధరైనా ఇవ్వండి. ఆంప్‌కూ డాక్‌కూ ఆ పట్టుదల అంత అవసరం లేదు, వాటి లెక్క ముందే తేలింది కాబట్టి.

ఇంటికొచ్చాక మొదటి వారం

పెట్టెలూ థర్మాకోలూ పారేయకండి. తీగలు బిగించేటప్పుడు ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే పోయిందో లేదో రెండుసార్లు చూడండి. ఒక్క స్పీకర్‌కు తారుమారైనా బేస్ పల్చబడుతుంది, గొంతు మధ్యలో నిలవదు. ఒక మోనో పాట పెట్టి, గొంతు రెండు స్పీకర్ల నడుమ నుంచి వస్తోందో లేదో చూస్తే ఇది తెలిసిపోతుంది.

తర్వాత స్పీకర్లను గోడ నుంచి ఒక్కో అరడుగు ముందుకు జరుపుతూ అదే పాట వినండి. మీరు కూర్చునే చోటును కూడా వెనక గోడ నుంచి కాస్త ముందుకు తెచ్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏం మారిందో రాయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. జాబితాలోని ఇరవై పాటలూ అయ్యాక, తిరిగి ఇచ్చే గడువు ముగియక ముందే ఉంచాలా, పంపాలా అని తేల్చండి. గడువు దాటాక తేల్చుకుందామనుకోవడం నిర్ణయాన్ని ఇంకొకరికి వదిలేయడమే.

అభ్యాసం

ఈ వారం ఒక కాగితాన్ని మూడు నిలువు గడులుగా గీయండి. మొదటి గడిలో మార్చలేనివి: గది కొలతలు, కూర్చునే దూరం, స్పీకర్ నిలిచే చోటు, మొత్తం డబ్బు. రెండో గడిలో లెక్కతో తేలేవి: వాట్లు, ఓమ్‌లు, వోల్టులు, తీగ మందం. మూడో గడిలో రుచితోనే తేలేవి. మూడో గడిలో రెండు మూడు అంశాల కంటే ఎక్కువ మిగిలితే, వాటిలో కొన్ని నిజానికి రెండో గడివి. మళ్లీ చూడండి.

ఇలా విడదీయడం వస్తే అది పాటల సెట్టుతో ఆగదు. ముందే పరీక్షించి చూసే వీలులేని నిర్ణయాలు జీవితంలో చాలా ఉంటాయి: కొత్త ఊళ్లో ఉద్యోగం, వ్యాపారంలో భాగస్వామి, పిల్లలకు కాలేజీ. ప్రతిచోటా మారనిదేదో ముందు రాయాలి. లెక్క తేల్చగలిగినదాన్ని లెక్కకే వదలాలి. రుచికి మిగిలినదాన్ని వెనక్కి తీసుకోగల షరతుతోనే ఒప్పుకోవాలి. పెద్ద నగరంలో షోరూముల మధ్య ఉన్నవాడికి ఈ క్రమశిక్షణ లేకపోయినా నడిచిపోతుంది. దూరంగా ఉన్నవాడికి అది అలవాటు కాక తప్పదు, అలవాటయ్యాక అదే అతని బలం. కాబట్టి షోరూము లేదని కోరికను వాయిదా వేయకండి. రేపే టేపు తీసి గది కొలవండి.